ముక్కు అతికిన చెయ్యి ఎవరిది?

చేతుల చరిత్ర - 11



పోయిన భాగం చెప్పు కుట్టే ఆరె దగ్గర ఆపాను. ఈసారి మగ్గం గురించి రాస్తానని మాటిచ్చాను. ఆ మాట తప్పుతున్నాను. కారణం మా కాలేజీలో చదివే ఒక అమ్మాయి.

బి.ఏ. రెండో సంవత్సరం. ఎస్సీ హాస్టల్లో ఉంటుంది. క్లాసు అయ్యాక స్టాఫ్ రూమ్ బయట చాలాసేపు నిలబడి, అందరూ వెళ్లాక లోపలికొచ్చింది. ఫోన్ తీసి ఒక ప్రకటన చూపించింది. ముక్కు ఆపరేషన్, ముందు ముఖం, తర్వాత ముఖం, కింద నెల వాయిదాల లెక్క.

"మేడం, ఇది చేయించుకుంటే బాగా నొప్పుంటదా? ఎన్నాళ్లకు మామూలవుతుంది?"

"ఎందుకమ్మా, ఊపిరాడటం లేదా?"

"అదేం లేదు మేడం. నా ముఖం చూస్తేనే తెలిసిపోతదంట."

ఏం తెలిసిపోతుందో ఆ అమ్మాయి చెప్పలేదు. నేనూ అడగలేదు. ఇల్లు అద్దెకిచ్చే ముందు "మీరేమిట్లు?" అని అడిగించుకున్న దాన్ని, నాకు తెలియదా? వారం రోజులు టైమివ్వు, చదివి చెప్తాను అన్నాను. ఆ చదివింది ఇది. తను అడిగిన ప్రశ్నలకు జవాబులు చివర్లో ఉన్నాయి. కానీ ముక్కు కథ మొదటి నుంచి చెప్పకుండా ఆ జవాబులు చెప్తే సగమే చెప్పినట్టు.

*

1794 అక్టోబరు. లండన్‌లో వచ్చే 'జెంటిల్‌మన్స్ మ్యాగజైన్'లో ఇండియా నుంచి వెళ్లిన ఒక ఉత్తరం అచ్చయింది. ఇంగ్లీషు సైన్యానికి ఎద్దులు తోలే కావస్‌జీ అనే మనిషి గురించి. మరాఠా సేద్యపు కులం వాడని అందులో రాశారు. 1792 యుద్ధంలో టిప్పు సుల్తాన్ సైన్యానికి చిక్కాడు. వాళ్లు అతని ముక్కు, ఒక చెయ్యి నరికేశారు. ఏడాదికి పైగా ముక్కు లేకుండానే బతికాడు. తర్వాత పుణె దగ్గర ఒక మనిషి అతనికి కొత్త ముక్కు పెట్టాడు.

ఎవరా మనిషి? ఇటుకలు చేసే కులం వాడు. ఉత్తరంలో ఉన్నది అంతే.

అతను ఎలా చేశాడో మాత్రం వివరంగా రాశారు. ముందు మైనాన్ని పలచటి రేకులా చేసి, తెగిన ముక్కు మీద ముక్కు ఆకారంలో అమర్చాడు. దాన్ని తీసి చదును చేసి నుదుటి మీద పరిచాడు. చుట్టూ గీత గీశాడు. పాత మంగలి కత్తితో ఆ గీత వెంట నుదుటి చర్మం లేపాడు. కానీ మొత్తం కోసెయ్యలేదు. రెండు కళ్ల మధ్య సన్నటి పట్టీ వదిలాడు. ఆ పట్టీలోంచి నెత్తురు పారుతుంది కాబట్టి చర్మం చావదు. మొండి ముక్కు అంచును పచ్చిగా చేసి, లేపిన చర్మాన్ని ఒక మెలిక తిప్పి కిందికి దించి, ఆ అంచులో ఇమిడ్చాడు. నీళ్లలో మెత్తబెట్టిన కాచును గుడ్డకు రాసి కట్టాడు. మనం తాంబూలంలో వేసుకునే కాచే. నాలుగు రోజులు ఆ కట్టు కదపలేదు. తర్వాత నేతిలో తడిపిన గుడ్డలు. మొదటి ఐదారు రోజులు రోగి వెల్లకిలా పడుకోవాలి. పదో రోజున ముక్కు రంధ్రాలు పూడిపోకుండా మెత్తటి గుడ్డ పెట్టాడు. ఇరవై ఐదో రోజు ప్రాంతంలో కళ్ల మధ్య పట్టీ కోసేశాడు. అప్పటికి కొత్త ముక్కుకు సొంత నెత్తుటి దారి ఏర్పడింది.

మత్తుమందు ఇంకా లేని కాలం అది. ఈథర్‌తో మత్తిచ్చి ఆపరేషన్ చేయడం లోకానికి చూపించింది 1846లో.

ఇప్పుడు ఈ కథలో ఎవరెవరి పేర్లు మిగిలాయో లెక్కపెట్టండి. ముక్కు పోయినవాడి పేరుంది. ఇలాంటి ఆపరేషన్ కళ్లారా చూశామన్న బొంబాయి ప్రెసిడెన్సీ ఇంగ్లీషు వైద్యులు థామస్ క్రూసో, జేమ్స్ ఫిండ్లే పేర్లున్నాయి. కావస్‌జీ బొమ్మ గీసిన చిత్రకారుడు జేమ్స్ వేల్స్ పేరుంది. కోయించిన సుల్తాన్ పేరు సరేసరి. కోసి, తిప్పి, అతికి, ఇరవై ఐదు రోజులు కనిపెట్టుకున్న మనిషి పేరు ఒక్కటి లేదు. అతనికి మిగిలింది కులం పేరే.

మనకు ఇది కొత్తా? ఊళ్లో మంచి డప్పు ఎవరు కొడతారంటే పేరు చెప్తారా, గూడెం పేరు చెప్తారా?

*

"ప్లాస్టిక్ సర్జరీ మన దేశంలోనే పుట్టింది" అని గర్వంగా చెప్పేవాళ్లు చాలామంది. 2014లో ముంబైలో ఒక ఆసుపత్రి ప్రారంభిస్తూ ప్రధానమంత్రి వినాయకుడి తలను ఇందుకు ఉదాహరణ చెప్పారు. కొంచెం చదువుకున్నవాళ్లు సుశ్రుతుడి పేరు చెప్తారు. సుశ్రుతుడి సంగతి నిజమే. సుశ్రుత సంహిత సూత్రస్థానం పదహారో అధ్యాయంలో తెగిన చెవి తమ్మెను, తెగిన ముక్కును అతికే పద్ధతి ఉంది. ముక్కు కొలతకు ఆకు కోసుకోవాలి, ఆ కొలతకు చెంప చర్మం లేపాలి, గొట్టాలు పెట్టి రంధ్రాలు నిలపాలి. గొప్ప విద్య. తీసిపారేసేది కాదు.

కానీ తేడా చూడండి. అక్కడ చెంప, ఇక్కడ నుదురు. అక్కడ ఆకు, ఇక్కడ మైనం. ఇటుకల మనిషి పుస్తకం అప్పజెప్పలేదు. అతని చేతిలో వేరే పనితనం ఉంది. కాంగ్రాలో కూడా ముక్కులు అతికే కుటుంబాలు తరతరాలుగా ఉండేవి. ఇవాళ సర్జరీ పుస్తకాల్లో 'ఇండియన్ ఫ్లాప్' అనే మాట చెంప చర్మానికి కాదు, నుదుటి చర్మానికి. క్యాన్సర్‌తో ముక్కు పోయినవాళ్లకు నేటికీ నుదుటి చర్మంతోనే ముక్కు కడుతున్నారు. పట్టీ కోసేది నేటికీ సాధారణంగా మూడు వారాల ప్రాంతంలోనే.

ఇంకో ప్రశ్న. సుశ్రుత సంహితలో ఉన్న విద్య ఎవరికి చెప్పాలి? రెండో అధ్యాయంలోనే ఉంది జవాబు. బ్రాహ్మణుడికి, క్షత్రియుడికి, వైశ్యుడికి. మంచి కులగుణాలున్న శూద్రుడికైతే మంత్రం లేకుండా, ఉపనయనం లేకుండా చెప్పవచ్చని కొందరంటారు, అని ఒక ముక్క చేర్చారు. అవర్ణుల ఊసే లేదు.

ఆ విద్య నేర్చిన వైద్యుడికి దక్కిన మర్యాద ఏమిటి? మనుస్మృతి మూడో అధ్యాయం వైద్యుణ్ని దేవ, పితృ కార్యాలకు పిలవకూడనివాళ్ల పట్టీలో వేసింది. నాలుగో అధ్యాయం వైద్యుడి ఇంటి అన్నం చీముతో సమానమంది. నెత్తురు ముట్టుకునేవాడు, శవం తాకేవాడు, పుండు కడిగేవాడు మైలవాడయ్యాడు. శవాన్ని నీళ్లలో నానబెట్టి పొరపొరా విప్పి చూడమని శిష్యులకు చెప్పిన శాస్త్రం ఇలాంటి సమాజంలో ఎలా బతుకుతుంది? దేవీప్రసాద్ చట్టోపాధ్యాయ తన 'సైన్స్ అండ్ సొసైటీ ఇన్ ఏన్షియంట్ ఇండియా'లో అడిగింది ఇదే.

పుస్తకం పైకులాల దగ్గర ఉండిపోయింది. కత్తి కింది కులాల చేతికొచ్చింది. మన ఊళ్లలో కురుపు కోసింది మంగలి. పురుడు పోసింది, బొడ్డు కోసింది మంగలి, మాల, మాదిగ ఇళ్ల ఆడవాళ్లు. ఆ ఇటుకల మనిషి దళితుడని నేను అనడం లేదు. కుండలు, ఇటుకలు చేసే కులాలు శూద్ర కులాలు. లేనిది అతికించి గొప్పలు చెప్పుకోవడం మనకొద్దు, ఆ పని చేసేవాళ్లు వేరే ఉన్నారు. నేను అంటున్నది ఒకటే. మట్టిని తడిపి, మలిచి, ఆరే దాకా ఓపిక పట్టే చేతికి చర్మం మలచడం కూడా తెలిసింది. ఆ తెలివికి ఈ దేశం పేరు రాసుకోలేదు. పరాయివాళ్ల పత్రిక కులం పేరైనా రాసింది కాబట్టి మనకీ మాత్రం తెలిసింది.

*

అసలు అన్ని ముక్కులు అతికే అవసరం ఎందుకొచ్చింది? అన్ని ముక్కులు కోశారు కాబట్టి.

మనుస్మృతి ఎనిమిదో అధ్యాయం శిక్ష వేయడానికి పది చోట్లు చెప్పింది. అందులో ముక్కు ఒకటి. ఆ పది చోట్లూ మూడు వర్ణాల వాళ్లకు, బ్రాహ్మణుడు మాత్రం గాయం లేకుండా వెళ్లిపోవాలి అని పక్కనే రాసింది. రామాయణంలో శూర్పణఖ చేసిన నేరం కోరిక బయటపెట్టడం. పడిన శిక్ష ముక్కు చెవులు. పద్దెనిమిదో శతాబ్దంలో నేపాల్‌లో పృథ్వీనారాయణ్ షా కీర్తిపూర్ గెలిచి ఆ ఊరివాళ్ల ముక్కులు కోయించాడు. టిప్పు సైన్యం చేసింది కూడా అదే. మతం ఏదైనా రాజుల తెలివి ఒక్కటే. ప్రాణం తీస్తే ఒక్కరోజులో అయిపోతుంది, ముక్కు తీస్తే బతికినన్నాళ్లూ ఆ ముఖమే దండోరా వేస్తుంది.

మన భాష కూడా ఇది మర్చిపోలేదు. 'ముక్కు నేలకు రాయించారు' అంటాం. అది వట్టి సామెత కాదు. పంచాయితీల్లో మన తాతలకు నిజంగా వేసిన శిక్ష. 1996 డిసెంబరు 29న తూర్పు గోదావరి జిల్లా వెంకటాయపాలెంలో ఐదుగురు దళిత యువకుల మీద దాడి చేసి, అందులో ఇద్దరికి గుండు కొట్టించి కనుబొమలు తీయించారు. కనుబొమలెందుకు? వాటి మీద టోపీ పెట్టుకోలేరు, తువ్వాలు చుట్టుకోలేరు. కేసులో శిక్ష పడింది 2024 ఏప్రిల్‌లో. ఇరవై ఏడేళ్లకు.

2015లో సవరించిన ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం సెక్షన్ 3(1)(ఇ) చదవండి. బలవంతంగా గుండు కొట్టించడం, మీసాలు తీయించడం, ముఖానికి రంగు పూయడం విడిగా నేరాలని రాసుకోవాల్సి వచ్చింది. ఈ దేశంలో కులం ముఖం మీద కూడా చెయ్యి వేస్తుందని పార్లమెంటే ఒప్పుకున్న వాక్యం అది.

*

1794 ఉత్తరం చదివిన లండన్ సర్జన్ జోసెఫ్ కార్ప్యూ ఇరవై ఏళ్ల పాటు ఆ పద్ధతి గురించి వాకబు చేశాడు. 1814 అక్టోబరు 23న ఒక సైనికాధికారికి నుదుటి చర్మంతో ముక్కు కట్టాడు. 1816లో పుస్తకం రాశాడు. 1818లో బెర్లిన్ సర్జన్ గ్రేఫే రాసిన పుస్తకంతో 'రైనోప్లాస్టీ' అనే మాట నిలబడింది. ఇటుకల మనిషి విద్య యూరప్ విద్య అయింది.

అప్పటిదాకా ఆ విద్య పోయిన ముక్కు తేవడానికి. ఉన్న ముక్కు మార్చడానికి వాడిన కథ కూడా బెర్లిన్‌దే. జాక్ జోసెఫ్ అనే యూదు డాక్టర్ 1898లో, పెద్ద ముక్కు వల్ల నలుగురిలోకి రాలేకపోతున్న ఒక మనిషికి ముక్కు చిన్నది చేశాడు. జబ్బు లేదు, గాయం లేదు, చూపులే బాధ. తర్వాత యూదులు చాలామంది అతని దగ్గరికొచ్చారు. 'యూదు ముక్కు' అని వెక్కిరించే ఊళ్లో గుర్తుపట్టకుండా ఉంటే చాలు వాళ్లకు. శాండర్ గిల్మన్ అనే చరిత్రకారుడు దీని మీద విస్తారంగా రాశాడు.

ఆ ముక్కులు వాళ్లను కాపాడాయా? జోసెఫ్ 1934లో చనిపోయాడు. మరుసటి ఏడు నాజీలు న్యూరెంబర్గ్ చట్టాలు తెచ్చారు. యూదుడెవరో తేల్చడానికి వాళ్లు ముక్కు కొలవలేదు. తాతలు, అమ్మమ్మలు, నాయనమ్మలు ఏ మతమో కాగితాల్లో చూశారు.

ఈ ముక్క దగ్గర ఆగి నేను చాలాసేపు మా అమ్మాయి గురించే ఆలోచించాను.

*

మన దగ్గర ముక్కు కొలిచినవాళ్లూ ఉన్నారు. హెర్బర్ట్ రిజ్లీ అనే ఇంగ్లీషు అధికారి 1891లో బెంగాల్ కులాల మీద పుస్తకం వేశాడు. ముక్కు వెడల్పును ఎత్తుతో భాగించి నూటితో హెచ్చవేస్తే వచ్చేది నాసికా సూచి. ముక్కు ఎంత వెడల్పయితే కులం అంత కిందది అని తేల్చేశాడు. 1901 జనాభా లెక్కలకు కమిషనర్ ఆయనే. ఇటు మద్రాసులో మ్యూజియం సూపరింటెండెంట్ ఎడ్గార్ థర్‌స్టన్ మన వైపు కులాల తలలు, ముక్కులు పరికరం పెట్టి కొలిచాడు. 1909లో వచ్చిన ఆయన ఏడు సంపుటాల్లో ఆ కొలతలు నేటికీ ఉన్నాయి.

ఆ లెక్కల్ని తిరగేసి కొట్టినవాడు బాబాసాహెబ్. 1948లో వచ్చిన 'ది అన్‌టచబుల్స్'లో, అంటరానివాళ్లు వేరే జాతి అనే వాదాన్ని ముక్కు కొలతలతోనే పడగొట్టాడు. ఘుర్యే అనే సమాజ శాస్త్రవేత్త ఇచ్చిన అంకెలు తీసుకుని, ఒకే ప్రాంతంలో బ్రాహ్మణుడి ముక్కూ అంటరానివాడి ముక్కూ పక్కపక్కన పెట్టి చూపించాడు. కొలత ప్రకారం ఇద్దరిదీ ఒకే జాతి. బ్రాహ్మణుడు ఆర్యుడైతే అంటరానివాడూ ఆర్యుడే. బ్రాహ్మణుడు ద్రావిడుడైతే అంటరానివాడూ ద్రావిడుడే. మరి అంటరానితనం ఎక్కడి నుంచి వచ్చింది? ఒంట్లోంచి కాదు, చరిత్రలోంచి.

"ముఖం చూస్తే తెలిసిపోతది" అన్న మాట అబద్ధమని 1948లోనే లెక్క కట్టి చెప్పారు, తల్లీ. ముఖం చూసి వాళ్లకేం తెలియదు. తెలియదు కాబట్టే ఇంటిపేరు అడుగుతారు, ఊళ్లో ఏ వైపు అని అడుగుతారు, ఏమి తింటారని అడుగుతారు.

*

ఇప్పుడు నీ ప్రశ్నలకు జవాబులు. నాకు తెలిసినవి, డాక్టర్లు చెప్పేవి.

ముక్కు ఆపరేషన్ ఎక్కువగా పూర్తి మత్తిచ్చి చేస్తారు. కోత ముక్కు లోపలే పెడతారు, లేదా రెండు రంధ్రాల మధ్య గోడ దగ్గర చిన్న గాటు పెడతారు. ఎముకనూ మృదులాస్థినీ చెక్కి అమరుస్తారు. వారం పాటు పైన కట్టు. కళ్ల కింద కమిలి నల్లబడటం పది, పదిహేను రోజులు. మొదటి రోజుల్లో నోటితో ఊపిరి పీల్చాల్సి రావచ్చు. నొప్పి మాత్రలకు తగ్గుతుంది, ఎక్కువ ఇబ్బంది పెట్టేది దిబ్బడే. వాపు చాలావరకు వారాల్లో తగ్గినా, ముక్కు అసలు ఆకారం తేలడానికి ఏడాది పడుతుంది. చర్మం మందంగా ఉంటే ఇంకా ఆలస్యం. కొందరికి రెండోసారి చేయాల్సి వస్తుంది. ఊపిరి ఆడక చేసేది వేరు. ముక్కు మధ్య గోడ వంకరైతే ప్రభుత్వ ఆసుపత్రి ఈఎన్‌టీ విభాగంలోనే సరిచేస్తారు.

కనురెప్పల ఆపరేషన్‌కి కుట్లు వారంలోపు తీస్తారు, కొన్నాళ్లు కళ్లు పొడిబారవచ్చు. నిక్కిన చెవులు వెనక్కి కుడితే వారం కట్టు. ముఖం ముడతలు లాగి కుట్టే ఆపరేషన్ పెద్దది. చెవి ముందూ వెనకా కోస్తారు, చర్మం కింద నెత్తురు గడ్డకట్టవచ్చు, ముఖ నరాలకు దెబ్బ తగలవచ్చు. బొటాక్స్ సూది మూడు నాలుగు నెలలే పనిచేస్తుంది. ఫిల్లర్ సూది తేలికని చెప్తారు, కానీ ముక్కు దగ్గర అది రక్తనాళంలోకి పోతే చర్మం చచ్చిపోవచ్చు, అరుదుగా చూపు కూడా పోవచ్చు. బ్యూటీ పార్లర్‌లో పొడిపించుకునేది కాదది.

మన రంగు చర్మానికి సంబంధించిన మాట ప్రకటనల్లో ఉండదు. నల్లటి చర్మానికి గాటు మానాక మచ్చ ఉబ్బి కాయ కట్టే గుణం ఎక్కువ. గాయమైన చోట నల్లబడటమూ ఎక్కువ. చెవులు కుట్టినప్పుడో టీకా వేసినప్పుడో అలా అయ్యుంటే డాక్టర్‌కి ముందే చెప్పాలి. తెల్లబడే క్రీముల్లో స్టెరాయిడ్ ఉంటే చర్మం పలచబడి పాడవుతుంది. 1975లో మొదలైన ఫెయిర్ అండ్ లవ్‌లీ 2020లో పేరు మార్చుకుంది. పేరు మారింది, అమ్మేది ఆ కోరికనే.

చేసేవాళ్లకు ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సీహెచ్. గానీ డీఎన్‌బీ గానీ ఉందా, రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌లో నంబరుందా చూడు. సంతకం పెట్టే కాగితం తెలుగులో చదివి చెప్పమను. అందం కోసం చేసేదానికి బీమా రాదు. వాయిదాల్లో కడితే ముక్కు మానిపోయాక కూడా అప్పు మానదు.

చేయించుకోవద్దని నేను చెప్పను. నీ ముఖం నీది. నీకు నచ్చక మార్చుకుంటానంటే అది నీ హక్కు, దానికి సిద్ధాంతాలు అడ్డం పెట్టే హక్కు నాకు లేదు. కానీ నీకు నచ్చకనా, వాళ్లకు నచ్చకనా? వాళ్ల కోసమైతే ఒక్కటి గుర్తుపెట్టుకో. కొత్త ముక్కుకు కూడా పాత ఇంటిపేరే ఉంటుంది.

*

ఈ విద్య మనకు అక్కర్లేనిది కాదు మిత్రులారా. మనకే ఎక్కువ కావాలి. ఎన్.హెచ్. ఆంటియా అనే సర్జన్ ఇంగ్లండ్‌లో హరాల్డ్ గిలీస్ దగ్గర నేర్చుకుని వచ్చి, పుణె దగ్గరి కొంధ్వా కుష్టు ఆసుపత్రిలో రోగుల కుంగిన ముక్కులు నిలబెట్టాడు. ఇటుకల మనిషి పని చేసిన పుణె దగ్గరే. కుష్టు నయమైనా ముక్కు కుంగి ఉంటే బస్సు ఎక్కనివ్వరు, పని ఇవ్వరు. అక్కడ ముక్కు అందం కాదు, కూలి.

గ్రహణం మొర్రితో పుట్టిన బిడ్డను చూసి తల్లి గ్రహణం నాడు కూర చేసిందని ఇప్పటికీ తిడతారు. గ్రహణానికీ దానికీ సంబంధం లేదు. నెలల వయసులోనే ఆపరేషన్ చేస్తారు, ఉచితంగా చేసే ఆసుపత్రులున్నాయి. మీ గూడెంలో అలాంటి బిడ్డ ఉంటే ఆ తల్లితో మాట్లాడండి.

యాసిడ్ దాడి బాధితులకు ముఖం సరిచేసే సర్జరీలతో సహా పూర్తి చికిత్స ప్రైవేటు ఆసుపత్రులు కూడా ఉచితంగా చేయాలని సుప్రీంకోర్టు 2015లో చెప్పింది. అదే ఏడాది డిసెంబరులో బిహార్‌కు చెందిన ఇద్దరు దళిత అక్కచెల్లెళ్ల కేసులో, అంతకుముందు చెప్పిన మూడు లక్షల పరిహారం కనీసమే తప్ప గరిష్ఠం కాదని, పెద్దమ్మాయికి పది లక్షలు ఇవ్వమని తీర్పిచ్చింది. ఈ తీర్పులు ఫోన్లో దాచుకోండి. ఆసుపత్రి గేటు దగ్గర పనికొస్తాయి.

ఇదంతా ఆ అమ్మాయికి చదివి వినిపించాను. మైనం రేకు దగ్గర నవ్వింది. పేరు లేదన్న చోట మౌనంగా ఉంది. ఆపరేషన్ సంగతి ఏమనుకుందో చెప్పలేదు, నేనూ తరమలేదు. వెళ్తూ వెళ్తూ అడిగింది.

"మేడం, ఆయనకి ఎవరు నేర్పి ఉంటారు?"

వాళ్ల నాన్నే అయ్యుంటాడు. కాదంటే వాళ్లమ్మ.

వచ్చే ఆదివారం మగ్గం. ఈసారి మాట తప్పను.

జై భీమ్.